పాత స్టీరియో స్పీకర్లను కంప్యూటర్ ఆకుపచ్చ జాక్‌కు నేరుగా కలపవచ్చా?

కలపకూడదు, మధ్యలో ఆంప్లిఫయర్ (సంకేతం శక్తిని పెంచే పరికరం) తప్పనిసరి. కంప్యూటర్‌లో ధ్వనిని చూసుకునే భాగమైన సౌండ్ కార్డు ఆకుపచ్చ జాక్ నుంచి వచ్చేది ధ్వని సంకేతం మాత్రమే, పెద్ద స్పీకరును కదిలించే శక్తి కాదు. ఆ సంకేతం సుమారు 1 నుంచి 2 వోల్టులు ఉంటుంది కానీ, దాన్ని పంపే చిప్ ఇవ్వగల కరెంటు చాలా తక్కువ. ఆంప్లిఫయర్ ఇన్‌పుట్ నిరోధం సాధారణంగా 10,000 ఓమ్‌లు లేదా అంతకు పైనే కనుక దానికి ఆ కాస్త చాలు. 8 ఓమ్‌ల స్పీకరుకైతే 1 వోల్టు దగ్గరే 125 మిల్లీఆంపియర్లు కావాలి. అంత ఇచ్చినా దక్కేది వాట్‌లో ఎనిమిదో వంతే.

చెన్నైలో చదివే విద్యార్థి నెల్లూరులోని ఇంటి నుంచి పాత మ్యూజిక్ సిస్టమ్ స్పీకర్లు తెచ్చుకున్నాడనుకుందాం. చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో చిన్న ఆంప్లిఫయర్, దానికి సరిపడే అడాప్టర్, ఒక చివర 3.5 మిల్లీమీటర్ల పిన్ను, మరో చివర ఎరుపు, తెలుపు ఆర్‌సీఏ పిన్నులున్న కేబుల్ కొనాలి. చిన్న పిన్ను ఆకుపచ్చ జాక్‌కు, ఆర్‌సీఏ పిన్నులు ఆంప్లిఫయర్ ఇన్‌పుట్‌కు, స్పీకర్ తీగలు దాని అవుట్‌పుట్‌కు వెళ్లాలి. ప్లస్, మైనస్ రెండు స్పీకర్లకూ ఒకే తీరులో ఉండాలి. ఒకదానికి తారుమారైతే బేస్ (లోతైన, బరువైన ధ్వని) పలచబడిపోతుంది; దీన్ని దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు.

పిన్ను జాక్‌లో పట్టింది కాబట్టి వాల్యూమ్ 100కు పెంచితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అలా పెంచితే చిప్ హద్దు దాటి శబ్దం చీలుతుంది, అంతే. బజారులో దొరికే కంప్యూటర్ స్పీకర్లు నేరుగా పనిచేయడానికి కారణం, వాటి లోపలే ఆంప్లిఫయర్ ఉండటం. అందుకే వాటికి వేరుగా కరెంటు ప్లగ్గో, యూఎస్‌బీ తీగో ఉంటుంది.