స్పీడ్ కారుకు షాక్‌లు (షాక్ అబ్జార్బర్లు) మార్చేటప్పుడు అన్నిటికంటే గట్టివే తీసుకోవాలా?

అవసరం లేదు, కారులో ఉన్న స్ప్రింగ్‌లకు సరిపోయే షాక్‌లే తీసుకోవాలి.

బండి బరువు మోసేది స్ప్రింగ్, దాని ఊపును ఆపేది షాక్‌లోని ఆయిల్. షాక్ మరీ గట్టిదైతే, నొక్కుకున్న స్ప్రింగ్ పూర్తిగా సాగకముందే ఇంకో గతుకు వస్తుంది. చక్రం రోడ్డును వదిలేస్తుంది, గ్రిప్ పోయేది అక్కడే.

నల్లగొండలో తిరిగే ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ కారునే తీసుకోండి. నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ హైవే ఎక్కితే గట్టి షాక్‌లు బాగానే అనిపిస్తాయి. అదే కారు ప్యాచ్‌లు వేసిన ఊరి రోడ్డు మలుపులో పక్కకు ఎగురుతుంది. దీనికి ముందు స్ట్రట్‌లు (స్ప్రింగ్, షాక్ ఒకటిగా కలిసిన భాగాలు), వెనక విడి షాక్‌లు ఉంటాయి. స్ట్రట్ చక్రాన్ని నిలబెట్టే భాగం కూడా కాబట్టి, మార్చాక వీల్ అలైన్‌మెంట్ చేయించాల్సిందే. ఒకవైపే ఆయిల్ కారుతున్నా జతగా మార్చండి. ఇక్కడ పొదుపు చూడొద్దు, బ్రేక్ వేసినప్పుడు తేడా తెలుస్తుంది.

షాక్ గట్టిదైతే మలుపులో కారు ఒరగదని చాలామంది అనుకుంటారు. ఎంత ఒరగాలో తేల్చేది ముఖ్యంగా స్ప్రింగ్‌లు, యాంటీ రోల్ బార్ (ఎడమ, కుడి చక్రాల సస్పెన్షన్‌ను కలిపే కడ్డీ). ఎంత త్వరగా ఒరగాలన్నదే షాక్ చేతిలో ఉంటుంది. కారును కిందికి దించే స్ప్రింగ్‌లు వేస్తే మాత్రం వాటి కోసం చేసిన పొట్టి షాక్‌లు కావాలి.