చీలమండ మార్పిడి ఎన్నేళ్లు వస్తుందంటే...

తమ్ముడూ,

"ఆపరేషన్ చేయించుకుంటే ఎన్నేళ్లు వస్తుందక్కా?" అన్నావు మొన్న. ఫోన్‌లో తేలే మాట కాదని రాస్తున్నా.

ఇప్పటి రకం ఇంప్లాంట్లు, అంటే కృత్రిమ కీళ్లు, వేయించుకున్న 100 మందిలో, 10 ఏళ్ల తర్వాత 80 నుంచి 90 మందికి అదే కీలు ఉంటోందని చాలా అధ్యయనాల్లో తేలింది. దేశంలో జరిగిన ఆపరేషన్లన్నీ నమోదు చేసే స్వీడన్ రిజిస్ట్రీలో మాత్రం ఆ అంకె 70 దరిదాపుల్లోనే ఉంది. అందులో పాత మోడళ్లు కూడా కలిసి ఉన్నాయనుకో. కానీ కీలు తయారుచేసినవాళ్లే రాసుకున్న లెక్కల కంటే నేను రిజిస్ట్రీనే ఎక్కువ నమ్ముతాను. ఇంకోటి, ఈ లెక్కల్లో "నిలిచింది" అంటే దాన్ని తీసేయాల్సి రాలేదని మాత్రమే. నొప్పి పోయిందని కాదు.

మోకాలు మార్పించుకున్నవాళ్లతో పోల్చుకోకు. వాళ్లకు 25 ఏళ్లు దాటినా 100కి 80 పైచిలుకు నిలుస్తున్నాయి. చీలమండ చిన్న కీలు, ఒంటి బరువుకు కొన్ని రెట్లు దాని మీదే పడుతుంది. పైగా ఇక్కడ కీలు అరిగేది చాలామందికి వయసు వల్ల కాదు, నీకులాగే ఎప్పుడో ఎముక విరగడం వల్ల. అలాంటివాళ్లలో చాలామందికి వయసు తక్కువ, తిరుగుడు ఎక్కువ, పాదం కాస్త వంకర. ఆ వంకర సరిచేయకుండా కీలు పెడితే ఒక పక్కే అరుగుతుంది.

పైనా కిందా లోహం, మధ్యలో ప్లాస్టిక్ బిళ్ల, అంతే అది. ప్లాస్టిక్ అరిగి రాలే సన్నని పొడికి చుట్టూ ఎముక కరిగి గుల్లలు పడతాయి, లోహం పట్టు వదులుతుంది. గుల్లలు పడుతున్నప్పుడు నొప్పి తెలియకపోవచ్చు. అందుకే బాగానే ఉన్నా ఏడాదికోసారి ఎక్స్‌రే తీయించుకోవాలి. నేను పాత ఫిల్మ్, కొత్త ఫిల్మ్ పక్కపక్కన పెట్టి చూపించమని డాక్టర్ను అడుగుతాను, విసుక్కున్నా సరే.

చీలమండ ముందువైపు చర్మం పల్చన, కోత అక్కడే పెడతారు. మానడం ఆలస్యమైతే ఇన్ఫెక్షన్ టెన్షన్. సిగరెట్ ఇప్పుడే మానెయ్, షుగర్ అదుపులో పెట్టుకో. వాపు చాలా నెలలుంటుంది. సాయంత్రానికి సాక్స్ పట్టీ అచ్చు చర్మంలో దిగిపోయి కనిపించేది నాకు. నడక, సైకిల్, ఈత ఫర్వాలేదు. పరుగు, గెంతులు వద్దు.

ఫ్యూజన్ అంటే భయపడుతున్నావు, ఎముకల్ని అతికేసి కీలు కదలకుండా చేస్తారని. దాన్ని కొట్టిపారేయకు. బ్రిటన్‌లో ఈ రెండు ఆపరేషన్లనూ పోల్చి 2022లో ప్రచురించిన ట్రయల్‌లో ఏడాది తిరిగేసరికి రెండు వర్గాలూ బాగా కోలుకున్నాయి. ఫ్యూజన్‌లో అరిగే బిళ్ల లేదు, కానీ ఏళ్లు గడిచేకొద్దీ పక్క కీళ్లు అరగొచ్చు. వయసు చిన్నదై, బరువు పనులు చేసేవాడికి నేనైతే అదే ముందు ఆలోచించమంటాను. నీకు 60 దాటాయి, ఆఫీసు పని కూడా మానేశావు, కాబట్టి మార్పిడికి మొగ్గుతున్నాను.

డాక్టర్ను సూటిగా అడుగు: ఇలాంటివి ఏడాదికి ఎన్ని చేస్తారు? ఇది పాడైతే తర్వాత ఏం చేస్తారు? రెండోసారి చేసేటప్పటికి ఎముక తగ్గిపోయి ఉంటుంది, మళ్లీ కీలు పెట్టడమో ఫ్యూజన్ చేయడమో కష్టమవుతుంది. ఆ సంగతి దాటవేసే డాక్టరైతే ఇంకొకరి అభిప్రాయం తీసుకో. వెళ్లేటప్పుడు ఎముక విరిగిననాటి ఎక్స్‌రేలు కూడా పట్టుకెళ్లు.

మీ అక్క