ఎస్‌ఎఫ్-86 సబ్మిట్ అవ్వట్లేదా?

ఎస్‌ఎఫ్-86 అంటే అమెరికా ప్రభుత్వ సెక్యూరిటీ క్లియరెన్స్ ఫారం. దాన్ని ఆన్‌లైన్‌లో నింపే ఈయాప్ (eApp)లో అన్నీ నింపినా, ఉన్న ఇళ్ల వివరాలడిగే సెక్షన్ 11 దగ్గర ఎర్రర్ పోవట్లేదని ఒకరు అడిగారు. అది తేదీల మధ్య ఖాళీ అండీ. గత పదేళ్ల నివాసాలు నెల కూడా తెగకుండా కలవాలి. పాత ఇల్లు 06/2019లో వదిలి కొత్తది 08/2019 అని రాస్తే జులై గల్లంతే. ఆ నెల స్నేహితుడింట్లో ఉంటే ఆ అడ్రసూ వెయ్యండి. తేదీ సరిగ్గా గుర్తులేకపోతే పక్కనున్న ‘అంచనా’ గడి టిక్ చెయ్యండి. పీఓ బాక్స్ పనికిరాదు. గత మూడేళ్ల ఇళ్లకైతే అక్కడ మిమ్మల్ని ఎరిగిన మనిషి వివరాలూ కావాలి. ఓనరో, పక్కింటివాళ్లో చాలు.

ఎర్రర్ చూపించకుండా మనవాళ్లని ముంచేవి వేరే. బంధువుల వివరాలడిగే సెక్షన్ 18లో అత్తమామలూ రావాలి, చనిపోయినవాళ్లతో సహా. విదేశీ ఆస్తులడిగే సెక్షన్ 20ఏలో ఇండియా ఆస్తులు: మీ ఆవిడ పేరున ఉన్న ఫ్లాటు, ఎప్పుడో అమ్మేసిన ప్లాటు, రేపు నాన్నగారి నుంచి రాబోయే పొలం కూడా. “ఇంకా నా పేరుకి మారలేదుగా” అనుకుని వదిలెయ్యకండి, ప్రశ్నలోనే రాబోయేవి కూడా అడుగుతారు.

సంతకానికి ముందే మొత్తం చదవండి. పంపాక మీరు మార్చలేరు, ఏజెన్సీవాళ్లు ఫారం వెనక్కి పంపితేనే మార్చగలరు. పీడీఎఫ్ కాపీ దాచుకోండి, క్లియరెన్స్ ఇంటర్వ్యూకి అదే ఆధారం.