4 తూర్పుకి, 3 ఉత్తరానికి పోతే 5 ఎట్లయితది?
తమ్మీ, 4 కి.మీ. తూర్పుకి, 3 కి.మీ. ఉత్తరానికి నడిస్తే స్థానభ్రంశం, అంటే బయల్దేరిన చోటు నుంచి చేరిన చోటికి సూటి దూరం, ఏ దిక్కుకో దాంతోటి సహా, 7 అని రాసినవ్, సార్ 5 అన్నరు, దిశ రాయలేదని ఇంకో మార్కు కూడా కోసిండ్రు, దిశతోటి ఏం పని అని కదా నీ ప్రశ్న. నేను కూడా తొమ్మిదో తరగతిల ఇక్కడనే ఆగిపోయిన.

మాది మహారాష్ట్రల సిరోంచ, గడ్చిరోలి జిల్లా, ఇంట్ల తెలుగు, బడిల మరాఠీ. పుస్తకంల దూరానికి 'అంతర్', స్థానభ్రంశానికి 'విస్థాపన్' అని ఉండేది. అంతర్ అంటే దూరం అని తెల్సు గానీ విస్థాపన్ అంటే డ్యాముల కింద ఊర్లు పోయినోళ్ల ముచ్చట అనుకునేటోన్ని, మాటనే తెల్వకపోతే లెక్క ఎట్ల తెలుస్తది.

నాకు సమజైంది పడవల. అప్పటికి బ్రిడ్జి లేదు, నది అవతలున్న కాళేశ్వరం పోవాలంటే నాటు పడవనే. మా మామ పడవ ముక్కుని అవతలి రేవుకి సూటిగ పెట్టడు, ఎగువకి తిప్పి పెడ్తడు. ఎందుకు మామా అని అడిగితే ఒకరోజు సూటిగనే పెట్టి చూపించిండు, నీళ్లు నెట్టుకుంటపోయి రేవుకి బాగా కింద ఇసుకల దిగినం, కాళ్లు కూరుకుపోతుంటే రేవు దాకా నడిచినం. తెడ్డు అడ్డంగ 400 మీటర్లు దాటించింది, నీళ్లు దిగువకి 300 జరిపినయ్ అనుకో. ఎక్కిన చోటు నుంచి దిగిన చోటికి తాడు లాగి కొలిస్తే 700 రాదు, 500 వస్తది. రెండు దిక్కులు లంబంగ ఉన్నయి కాబట్టే ఇట్ల, నీ 4, 3 ఒకే దిక్కుకైతే 7, ఎదురెదురైతే 1.

ఇగ దిశ. ఉత్త 5 అంటే ఇంటి చుట్టూ 5 కి.మీ. దూరంల గుండ్రంగ గీత గీసినట్టు, ఆ గీత మీద నువ్వు ఏడున్నా 5 ఏ. 3 తూర్పుకి 4 ఉత్తరానికి పోయినా 5 ఏ వస్తది, కానీ చేరే చోటు వేరే! అందుకే నీ జవాబు 5 కి.మీ., తూర్పు నుంచి ఉత్తరం దిక్కు సుమారు 37 డిగ్రీలు, తారుమారు చేస్తే 53. ఫార్ములా ముందే బట్టీ పట్టకు, కాయితం మీద మొదటి బాణం మొన కాడ రెండో బాణం తోక పెట్టి, మొదటి తోక నుంచి చివరి మొనకి గీత కొట్టు, దిశ కండ్లకే కనవడ్తది.

సాయంత్రం మళ్లా పొద్దున ఎక్కిన రేవుకే వచ్చి దిగినమంటే నది రెండుసార్లు దాటినా స్థానభ్రంశం సున్నా, గప్పుడు మాత్రం దిశ రాయనక్కర్లేదు.