అల్లుడా, పరుగు మానొద్దు, నిద్ర మానొద్దు

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్ చేసింది. నలభై దాటినప్పటి నుంచి రెండు పూటలా పరిగెత్తుతున్నావట, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదట, మొహం పీక్కుపోయిందట. "ఇట్లయితే తొందరగా ముసలోడైపోడా అన్నా?" అని ఆమె భయం. ఎంత పరిగెత్తితే ముసలితనం అంత దూరం పోతుందని నీ నమ్మకం. ఇద్దరి మాటలోనూ సగమే నిజం ఉంది.

కణాల్లో క్రోమోజోముల కొసలకు టెలోమియర్లు ఉంటాయి. ధర్మవరం చీర కొంగుకు కుచ్చులు వేయకపోతే పోగులు ఊడొస్తాయి కదా, ఇవీ అట్లా కాపు కాస్తాయి. కణం విడిపోయిన ప్రతిసారీ అవి కొంత కురచవుతాయి. మరీ కురచైతే కణం ఇక విడిపోవడం మానేస్తుంది, ముసలితనానికి అదొక కారణం. వాటి పనినీ, వాటిని మళ్లీ పొడిగించే టెలోమెరేస్ ఎంజైమునూ బయటపెట్టినందుకే 2009లో బ్లాక్‌బర్న్, గ్రైడర్, షోస్టాక్‌లకు నోబెల్ వచ్చింది. అదే ఏడాది జర్మనీవాళ్లు ఏళ్ల తరబడి పరుగు తీసిన నడివయసు వాళ్ల తెల్లరక్తకణాలు పరీక్షించారు. వ్యాయామం లేని అదే ఈడువాళ్ల కన్నా వీళ్ల టెలోమియర్లు తక్కువ అరిగి ఉన్నాయి. ఈ మాట మీ అమ్మకు చెప్పు.

ఇక నీ సంగతి. జర్మనీవాళ్లే 2018లో ఇంకో ఫలితం ప్రకటించారు. వ్యాయామం అలవాటు లేనివాళ్లతో ఆరు నెలలు చేయిస్తే, నిదానంగా పరిగెత్తిన వాళ్లలోనూ ఇంటర్వెల్స్, అంటే కాసేపు గట్టిగా కాసేపు మెల్లగా మార్చి మార్చి, చేసిన వాళ్లలోనూ టెలోమెరేస్ చురుకైంది, టెలోమియర్లు పెరిగాయి. చేసింది ఎంతనుకున్నావు? వారానికి మూడు రోజులు, రోజుకు ముప్పావుగంట. అంతే. దక్షిణాఫ్రికాలో మాత్రం ఒళ్లు తేరుకోలేనంతగా అలసిపోయిన అథ్లెట్ల కండరాలను చూస్తే, వాటిలో టెలోమియర్లు మామూలు కన్నా కురచగా ఉన్నాయి. నీ పరుగు తప్పు కాదురా, రెండు పరుగుల మధ్య విరామం లేకపోవడమే తప్పు.

పీఈటీగా గ్రౌండ్లో ఎంతోమంది పిల్లలకు చెప్పిందే నీకూ చెప్తున్నా. పొద్దున మెలకువ రాగానే, మంచం దిగకముందే, మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి నిమిషం నాడి లెక్కపెట్టు. బొటనవేలు వాడొద్దు, దాని నాడే నీకు తగులుతుంది. రోజూ పుస్తకంలో రాసుకో. వారానికి నీ మామూలు అంకె తేలుతుంది. దానికన్నా ఏడెనిమిది ఎక్కువున్న రోజు స్పీడ్ వద్దు, ఊరికే నడిచిరా.

సాయంత్రం పరుగు వెంటనే ఆపెయ్. నీ నిద్ర చెడుతున్నది దానివల్లేనని నా అనుమానం. ఇంటర్వెల్స్ వారానికి ఒక్కరోజు చాలు: నాలుగు నిమిషాలు గట్టిగా, మూడు నిమిషాలు మెల్లగా, అట్లా నాలుగు సార్లు. మిగతా రోజుల్లో పక్కవాడితో మాట్లాడగలిగినంత వేగమే. బరువులెత్తడం మాత్రం వదలొద్దు. జర్మనీవాళ్ల రెండో పరీక్షలో దానివల్ల టెలోమియర్లు పెరగలేదు గానీ, కండ నిలబడాలంటే అది కావాలి.

ఎండాకాలం మన అనంతపురంలో ఆరున్నరకల్లా ఇంటికి చేరాలి. పరుగుకు ముందు నొప్పిమాత్ర మింగే అలవాటుంటే ఈరోజే మానెయ్. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు అది కిడ్నీలను దెబ్బతీస్తుంది. విటమిన్ సి, ఇ మాత్రలు పెద్ద మోతాదులో మింగితే వ్యాయామం వల్ల వచ్చే లాభమే కొంత తగ్గొచ్చు. ఒట్టి ఉగ్గానితో సరిపెట్టుకోకుండా గుడ్లో, పప్పో, గుప్పెడు చెనక్కాయలో తిను.

టెలోమియర్ టెస్టు చేయిస్తానన్నావట. డబ్బు దండగ. ఒక్క మనిషి విషయంలో ఆ అంకె చెప్పేది చాలా తక్కువ, ల్యాబును బట్టి కూడా మారుతుంది. ఆ డబ్బుతో బీపీ, ఈసీజీ చూపించుకో, మీ నాయనకు బీపీ ఉంది కదా. రెండు వారాలు తగ్గించినా నాడి దిగకపోయినా, ఛాతీలో ఏమాత్రం పట్టేసినట్టు అనిపించినా డాక్టరు దగ్గరికి పో, నాకు చెప్పడానికి ఆగొద్దు.

వచ్చే ఆదివారం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుకు వస్తాను. పుస్తకం తెచ్చుకో, అంకెలు చూసి నీ షెడ్యూల్ మళ్లీ రాద్దాం.

మీ మామ