వాటర్‌ప్రూఫింగ్ చేయించినా డాబా కారుతుంటే: మా తెనాలి ఇంటి అనుభవం

మే నెలలో 42 వేలు పెట్టి డాబా మీద వాటర్‌ప్రూఫింగ్ చేయించామని, మొదటి పెద్ద వానకే పడగ్గదిలో కారిందని, మేస్త్రి ఫోనెత్తడం లేదని రాశారు. వేరేవాళ్ళని పిలిచి దాని మీదే ఇంకో కోటింగు వేయించెయ్యమంటారా అని అడిగారు. ఇప్పుడే వద్దండి. ఇంకొకరి చెయ్యి పడిందంటే మొదటి పనిలో తప్పేమిటో ఇక ఎవరూ తేల్చలేరు. మొదటి మేస్త్రి కూడా "వాళ్ళు కెలికి పాడుచేశారు" అనేస్తాడు.

మాదీ ఇదే కథ. 1998లో వేసిన శ్లాబు, 900 చదరపు అడుగులు. 2023 మే నెలలో చేయించాం. మా అత్తగారి పుట్టింటివైపు తెలిసిన మనిషే కదా అని కాగితం రాయించుకోలేదు. పని అయిన సాయంత్రమే మిగతా డబ్బు చేతిలో పెట్టేశాం. జులైలో చెమ్మ కనిపిస్తే వచ్చి ఒక మూల బ్రష్షుతో తెల్లగా రాసి వెళ్ళాడు. డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు మాకు రాత్రంతా నిద్ర లేదు. ఫ్యాను కొక్కెం దగ్గర నుంచి ధార కట్టింది. మావారు ముందు ఆ గది కరెంటు తీసేశారు. మీరూ ఈ ఒక్కటి ఇవాళే చూసుకోండి. శ్లాబులో నీళ్ళు కరెంటు పైపులోకి దిగితే ఫ్యాను దాకా వస్తాయి. తడి ఆరేదాకా ఆ గది స్విచ్చు ముట్టుకోకూడదు.

తుపాను వెలిశాక పైకెక్కి చూస్తే కోటింగు అప్పడంలా పొక్కులు తేలి ఉంది. గోరు పెట్టి లాగితే జానెడు పొర ఊడొచ్చింది, కింద పాత నాచు అలాగే ఉంది. ఎదురింటి బాబాయిగారు ఇరిగేషన్‌లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఆయన చూసి అసలు సంగతి విప్పి చెప్పారు. మందు పూసిన రోజు పొద్దున శ్లాబు కడిగారు, పదకొండు గంటల ఎండలో పైపైన ఆరినట్టు కనిపించగానే మందు పూసేశారు. లోపలి తడి ఎండకి ఆవిరై పైకి తన్నుతుంది, పొర పొంగుతుంది. నాచుని వైరు బ్రష్షుతో గీకలేదు. పగుళ్ళని ఉలితో వెడల్పు చేసి నింపకుండా పైన పూసేశారు. పిట్టగోడ, శ్లాబు కలిసే మూలలో సిమెంటుతో గుండ్రంగా నింపలేదు. కారేది ఎక్కువగా ఆ మూలలోనూ, వాన గొట్టం చుట్టూనే.

ఇంకో సంగతి నా అంతట నేనే కనిపెట్టాను. పని అయ్యాక వదిలేసిన ఖాళీ డబ్బాలో కరివేపాకు మొక్క పెట్టుకున్నాను. డబ్బా మీద ఎన్ని లీటర్లు ఎన్ని అడుగులకి వస్తుందో రాసి ఉంటుంది కదా. ఆ లెక్కన రెండు పూతలకి మా డాబాకి మూడు 20 లీటర్ల డబ్బాలు కావాలి. మా ఇంటికి వచ్చినవి రెండు, రెండోదాంట్లో సగం మిగిలిందని వాళ్ళే తీసుకెళ్ళారు. అంటే ఒకటిన్నర డబ్బాతో సరిపెట్టారు. మీ దగ్గర ఖాళీ డబ్బాలుంటే పారెయ్యకండి, ఫోటో తీసుకోండి.

ఇక పరీక్ష సంగతి. రెండుమూడు రోజులు వాన తెరిపిచ్చినప్పుడు, లోపల మరక ఉన్న చోటికి పైన వంద చదరపు అడుగుల మేర ఇసుక, సిమెంటు కలిపి చిన్న గట్టు కట్టండి. గొట్టం ఆ గట్టు లోపలికి వస్తే మూతికి గుడ్డ కుక్కండి. అంగుళం ఎత్తు నీళ్ళు నిలిపి 48 గంటలు ఉంచండి. పక్కన ఒక బక్కెట్టులో కూడా నీళ్ళు పోసి మట్టం గీత పెట్టండి. ఎండకి ఆవిరయ్యేది రెండింట్లోనూ దాదాపు ఒకేలా తగ్గుతుంది, డాబా మీద అంతకన్నా బాగా ఎక్కువ తగ్గితే శ్లాబే తాగిందన్నమాట. ఒక చోట అయ్యాక ఇంకో చోట చెయ్యాలి. డాబా అంతా ఒకేసారి నింపొద్దు, వంద అడుగులకి అంగుళం నీళ్ళంటేనే దాదాపు 235 కిలోల బరువు. లోపల పెచ్చులూడి తుప్పు కడ్డీలు కనిపిస్తుంటే మాత్రం ఇంజనీరు చూడకుండా ఈ పరీక్ష అసలు పెట్టొద్దు. లోపల మరక ఉన్న చోటే పైన కన్నం ఉంటుందనీ అనుకోవద్దు. మాకు మరక గది మధ్యలో వచ్చింది, నీళ్ళు దిగింది ఆరడుగుల అవతల పిట్టగోడ మూలలో.

ఈ పరీక్షకి మేస్త్రిని రమ్మని వాట్సాప్‌లో తేదీ, టైము రాసి పెట్టండి. ఫోనెత్తకపోయినా మెసేజీ ఉంటుంది. మా మేస్త్రి మూడో మెసేజీకి వచ్చాడు. బాబాయిగారి ముందు ఆ పొర ఊడదీసి చూపించాక గొడవేమీ పెట్టలేదు. "పైన ఇంకో కోటు ఫ్రీగా వేస్తానమ్మా" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఊడిపోయే పొర మీద ఎన్ని పూసినా దాంతో పాటే ఊడుతుంది. మొత్తం గీకాలి, కూలీ నీది, సరుకు డబ్బు నాది, సరుకు నేనే కొని తెస్తాను అన్నాను. నా తప్పు కాకపోయినా సరుకుకి రెండోసారి డబ్బు పెట్టడం బాధగానే అనిపించింది. కానీ గీకడానికే ముగ్గురు మనుషులకి నాలుగు రోజులు పట్టింది, ఆ కూలీ అతనే పెట్టుకున్నాడు. 2024 ఫిబ్రవరిలో, పొద్దున పూట మాత్రమే పూయించాం. మూలల్లో ఫైబర్ జాలీ అతికించి, రెండో పూత మొదటిదానికి అడ్డంగా వేయించాం. నీళ్ళు నిలిచే చోట గొట్టం వైపు పది అడుగులకి అంగుళం పైచిలుకు వాటం పెట్టించాం. కూలీ అతనిదే అయినా, ఈసారి మాత్రం ముందే చెప్పాను, 48 గంటల నీళ్ళ పరీక్ష అయ్యాకే పని పూర్తయినట్టు అని. తర్వాతి వానల్లో పడగ్గది పొడిగా ఉంది. బాత్రూము పక్క గోడకి ఇంకా కొంచెం చెమ్మ వస్తోంది, అది ట్యాంకు పొంగే నీళ్ళదని ఇప్పుడిప్పుడే తెలిసింది.

మీ మనిషి అసలు రాకపోతే ఏం చెయ్యాలంటే, డబ్బు కట్టిన ఫోన్‌పే రికార్డు, ఫోటోలు, మెసేజీలు జతచేసి, 15 రోజుల్లో సరిచెయ్యమని స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపండి. రసీదు దాచండి. అప్పటికీ పలకకపోతే 1915కి ఫోన్ చెయ్యండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఇలాంటి నాసిరకం పని సేవాలోపం కిందకి వస్తుంది. మీరుండే జిల్లాలోనే వెయ్యొచ్చు, లాయరు తప్పనిసరి కాదు. 5 లక్షల లోపు పనికి ఫీజు లేదు, గడువు రెండేళ్ళు. రాతపూర్వక కాంట్రాక్టు లేదని వెనకాడకండి, డబ్బు చెల్లించిన రుజువు, మెసేజీలు కలిపితే పని ఎవరు చేశారో తెలుస్తుంది. నేనైతే అంతదాకా వెళ్ళలేదు, వెళ్ళాల్సి వస్తే ఆ కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టుకుని సిద్ధంగానే ఉన్నాను.

తెలిసినవాడని మొహమాటపడి మీరు ఊరుకుంటే ఈలోపు కడ్డీలకి తుప్పు పడుతుంది, అప్పుడు ఖర్చు వేలల్లో ఆగదు. ఈ వారం వాన తగ్గగానే పిట్టగోడ మూలలు, గొట్టం మూతి, పొర ఊడిన చోటు దగ్గరగా ఫోటోలు తీసి ఇక్కడ పెట్టండి. బాబాయిగారికి కూడా చూపించి చెప్తాను.