మనుషులు నిలవని చోట మా అమ్మాయిని ఉంచాలా?

ప్రశ్న: మా అమ్మాయి నర్సింగ్ తర్వాత హైదరాబాద్‌లో ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) చేసింది. స్వచ్ఛంద సంస్థలు, ఆసుపత్రులు, అధికారులు టీబీ మీద కలిసి పనిచేసే జిల్లా వేదికలో కోఆర్డినేటర్‌గా చేరి ఏడాదైంది. ఈలోపే సగం మంది మారిపోయారు. కొత్తగా వచ్చిన ప్రతివారికీ మొదట్నుంచి చెప్పడమే ఆమె పనైపోయింది. మాన్పించి అమెరికాలో ఇంకో ఎంపీహెచ్‌కు పంపితే మేలా? – ఒక తండ్రి

జవాబు: నలుగురూ అడిగితే చెప్పుకోవడానికి పెద్ద హోదా లేదన్నదే మీ అసలు బెంగలా ఉంది. ఇంత రాశారు గానీ, అమ్మాయి ఏమంటోందో ఒక్క ముక్క రాయలేదు. ముందు ఆమెను అడగండి.

ఈ రంగంలో మనుషులు మారడం మామూలే. ప్రాజెక్టు డబ్బు అయిపోతే కాంట్రాక్టూ అయిపోతుంది. జిల్లా టీబీ అధికారికి బదిలీ అవుతుంది, కలెక్టర్ మారతారు. మామూలు టీబీకి మందులు మాత్రం ఆరు నెలలు వాడాల్సిందే. ఆ మధ్యలో పోషకాహార కిట్ ఎవరు చేర్చాలో కొత్తవాళ్లకు తెలియకపోతే రోగికి అది ఆగిపోతుంది. మీరు చిన్నచూపు చూస్తున్న ఆ ‘మొదట్నుంచి చెప్పడం’ అందుకే.

అయితే దాన్ని ఒక పద్ధతిలో చేయాలి. ఒక్క పూటలో అరవై స్లైడ్లు చూపిస్తే ఎవరికీ ఏదీ గుర్తుండదు. నాలుగు పేజీలు చాలు: ఏ సంస్థ నుంచి ఎవరు, దేనికి ఎవరి సంతకం, గత మూడు సమావేశాల నిర్ణయాలు, వాటిలో ఎవరు ఏది ఒప్పుకొని ఇంకా చేయలేదు. ఈ చివరిదాన్నే అందరూ వదిలేస్తారు, గొడవలు వచ్చేదీ అక్కడే. మొదటి సమావేశానికి ముందు ఇరవై నిమిషాల ఫోన్, తర్వాత మూడు నెలలు తోడుగా ఒక పాత సభ్యుడు. ఆయన వేరే సంస్థవాడై ఉండాలి. ఒకే సంస్థవాళ్లయితే ప్రాజెక్టు ముగిశాక ఇద్దరూ ఒకేసారి వెళ్లిపోతారు.

టీబీ నయమై సభ్యులైనవారి ముందు ఎస్టీఎస్ (టీబీ చికిత్సను పర్యవేక్షించే సూపర్‌వైజర్), డీబీటీ (ఖాతాలో నేరుగా డబ్బు వేయడం) అంటూ పొట్టి పేర్లతో మాట్లాడితే వారు రెండు సమావేశాలు మౌనంగా కూర్చుని మూడోదానికి రారు. వాటి అర్థాలకు ఒక పేజీ వేరే ఇవ్వాలి. పాత కరపత్రాలూ చూసుకోవాలి: టీబీ రోగుల పోషణకు ప్రభుత్వం ఇచ్చే నిక్షయ్ పోషణ్ సాయం 2018లో నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుంచి 1000. పాత కాగితం చేతిలో ఉన్న కొత్త సభ్యుడు ఊళ్లో 500 అనే చెప్పేస్తాడు. వెళ్లిపోయేవారి లాగిన్ చివరి రోజే మూసేయాలి, ఫైళ్లు వారి సొంత జీమెయిల్‌లో ఉండిపోకూడదు. రోగుల పేర్లు వాట్సాప్ గ్రూపులో అసలే పెట్టకూడదు.

ఇక అమెరికా. చేసిన డిగ్రీనే అప్పు చేసి మళ్లీ చేయించడం నాకు మింగుడుపడదు. అక్కడ సాధారణ ఎంపీహెచ్‌కు చదువయ్యాక ఓపీటీ (స్టూడెంట్ వీసా మీదే ఉద్యోగం చేసుకునే అనుమతి) పన్నెండు నెలలే. ఎపిడెమియాలజీ (వ్యాధుల వ్యాప్తి అధ్యయనం), బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య గణాంకాలు) కోర్సులు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కిందకు వస్తే ఇంకో ఇరవై నాలుగు నెలలు. పైగా 2025లో అమెరికా ప్రభుత్వ విదేశీ సాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ మూతపడటంతో అంతర్జాతీయ ఆరోగ్య రంగంలో చాలా ఉద్యోగాలు పోయాయి. ఆమెకు లెక్కలూ డేటా ఇష్టమై ఎపిడెమియాలజీ కావాలంటే అది వేరే మాట. బంధువుల పిల్లలు వెళ్లారని మాత్రం పంపకండి.

భయపడకండి, ఏడాదిలో ఆమె నేర్చుకున్నది తక్కువేం కాదు. ఎన్ని సంస్థలను సమన్వయం చేసిందో, కొత్త సభ్యుల కోసం ఏం తయారుచేసిందో అనుభవ పత్రంలో రాయించుకోమనండి. తన జీతం ఏ నిధి నుంచి వస్తుందో, అది ఎప్పుడు ముగుస్తుందో కనుక్కోవాలి. ముగియడానికి మూడు నెలల ముందే రెన్యువల్ సంగతి రాతపూర్వకంగా అడగాలి. నెలలోపు జవాబు రాకపోతే వేరేచోట దరఖాస్తులు మొదలుపెట్టాలి.